మట్టిలో మందు వెదకిన మహనీయుడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

గోదావరీ తీరము కవులకును, పండితులకును, దేశభక్తులకును పుట్టినిల్లని మనము తరచుగా చెప్పుకొందుము. గ్రంథాలయముల గోడలపై వారి చిత్రపటములు కనుపించును. ఆ పటముల నడుమ అంతగా కానరాని వారొకరు కలరు. వారు కావ్యము వ్రాయలేదు, సభలలో ఉపన్యసింపలేదు, ఉద్యమములకు నాయకత్వము వహింపలేదు. కాని బోదకాలు రాకుండుటకై ఊరూర పంచిన మాత్రలోను, గర్భిణీ స్త్రీల రక్తపుష్టికై ఇచ్చు మాత్రలోను, జ్వరములకు వైద్యులు వాడు టెట్రాసైక్లిన్ జాతి మందులలోను వారి శ్రమ ఇమిడియున్నది. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

భీమవరము వారి జన్మస్థలము. రాజమహేంద్రవరము వారు బాల్యమున చదువుకొన్న చోటు. వారి విదేశయాత్రకు అండ చూపిన ధర్మసంస్థ కాకినాడది. ఈ మూడూళ్లును మనకు దగ్గరివే. ఉప్పాడ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి చరిత్రను స్మరించుటకు ఇది యొక కారణము. మరియొక కారణము మన యూరి ముంగిట నున్న సముద్రమునకు సంబంధించినది. దానిని వారి చరిత్ర ముగిసిన పిమ్మట మనవి చేసెదను.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిరనియు, పెద్దలు వెదకి తిరిగి తీసికొనివచ్చిరనియు చెప్పుదురు. బంధువుల మరణములును, ఇంటి యిబ్బందులును చదువునకు అడ్డుపడెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన బాలుని పనికిరానివానిగా ఎంచు తల్లిదండ్రులు ఈ యొక్క విషయమును జ్ఞాపకముంచుకొన్నను చాలును.

పిమ్మట వారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి. ఆ దినములలో వారి మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసింపవలెనని కోరగా, మఠమువారు వైద్యము నేర్చి జనులకు సేవ చేయుమని వారిని మరల్చిరి. 1915లో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారిని వివాహమాడిరి.

గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు కళాశాలలోను ఖద్దరే ధరించిరి. శస్త్రవైద్యశాఖాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. పరీక్షలు చక్కగా వ్రాసినను, చివరకు ఎం. బి. బి. యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్. ఎమ్. యస్. యోగ్యతాపత్రము మాత్రమే వారికి దక్కెను. సర్కారు కొలువునకు త్రోవ మూతపడెను. ఆ అవమానమును వారు ఎవరిపైనను కక్షగా మార్చుకొనలేదు.

ఇంటిలో మృత్యువు, పరదేశ ప్రయాణము

వారి జీవితమునకు దారి చూపినది ఒక వ్యాధి. దానిని ఆంగ్ల వైద్యులు స్ప్రూ అందురు. మన సంగ్రహణి వంటిది. తిన్న యన్నము ఒంట బట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎముకలగూడై పోవును. వారి సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి అనువారు కొలదిదినముల వ్యవధిలో ఈ వ్యాధికే బలియైరి. వైద్య విద్యార్థియైన తమ్ముడు ఇంటిలో నుండియు అన్నను కాపాడలేకపోయెను. అన్నయైయుండియు తమ్ముని దక్కించుకొనలేకపోయెను. ఆనాటి వైద్యశాస్త్రమున దానికి మందు లేకుండెను. తరువాత అదే వ్యాధి వారినిని పట్టుకొనగా, ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన కోలుకొనిరి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి. ఏ చెట్టునందు, ఏ ద్రవ్యమునందు ఏ గుణమున్నదో పరీక్షించి తేల్చవలెనను పట్టుదల వారికి అక్కడ బలపడెను.

అమెరికాకు పోవలెనన్న ధనము కావలెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు పూనికతో కొంత సొమ్ము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాయము వాగ్దానము చేసెను. ఈ సత్యలింగ నాయకరుగారు మన కోరంగి ప్రాంతమునుండి రంగూనుకు పోయి, ఓడల వర్తకమున ధనము గడించి, ఆ ధనమును విద్యకు, ధర్మమునకు విడిచిన దాత. కోరంగి రేవు గడించి పెట్టిన సొమ్ము భీమవరపు బిడ్డను సముద్రము దాటించుటకు అక్కరకు వచ్చెను. 1923వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరమున అడుగుపెట్టిరి.

హార్వర్డులో పదునేడు సంవత్సరములు

అక్కడ పగలు చదువు, రాత్రి కూలి. ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని చేసి వారు పొట్ట పోసికొనిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యశాస్త్రమున డిప్లొమా పొంది, జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో చేరిరి. ఇరువురును కలిసి రక్తములోను, మూత్రములోను భాస్వరమెంత కలదో నీలిరంగు గాఢతను బట్టి లెక్కగట్టు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నేటికిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరు ప్రయోగశాలలలో నిలిచియున్నది.

ఆ పద్ధతితో కండరములను శోధింపగా ఇంకను గొప్ప రహస్యము బయటపడెను. మనము చేయి కదల్చుటకు, వల లాగుటకు కావలసిన శక్తి కండరమున ఏ రూపమున నిలువయుండును? 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ. టి. పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. రెండవదానిని అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగా కనుగొనెను. ప్రాణి శరీరమున శక్తికి చెలామణి నాణెము వంటిది ఈ ఏ. టి. పి. నేడు పాఠశాల బాలురు సైతము దాని పేరు చదువుకొందురు. దాని వెనుకనున్న తెలుగువాని పేరు మాత్రము చదువరు.

1930లో వారికి పిహెచ్. డి. పట్టము లభించెను గాని, హార్వర్డులో స్థిరోద్యోగము లభింపలేదు. వారు వేరుచేసిన కొన్ని పదార్థములు వెలుగు చూడకపోవుటచే, తరువాతివారు వానిని మరల కనుగొనవలసివచ్చెనని నోబెల్ బహుమాన గ్రహీత జార్జి హిచింగ్సు అనంతరకాలమున తెలియజేసెను. ఈ విషయమున వారు సభ కెక్కలేదు, పత్రికల కెక్కలేదు.

లెడర్లీ ప్రయోగశాలలు

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను చోట నున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, త్వరలోనే అచటి పరిశోధనకు అధ్యక్షులైరి. అటుపై ఎనిమిదేండ్లలో జరిగిన పని ఒక్క మనుష్యుని జీవితమున ఇమిడినదా యని ఆశ్చర్యము కలుగును.

మొదటిది ఫోలికామ్లము. బొంబాయిలోని గర్భిణీ కార్మిక స్త్రీల రక్తక్షీణతకు ఆహారములోని ఏదో ఒక పదార్థలోపమే కారణమని లూసీ విల్సు అను వైద్యురాలు 1931 నాటికే కనిపెట్టియుండెను. ఆ పదార్థమేదో, దాని నిర్మాణమేదో తేల్చి, 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినది సుబ్బారావుగారి బృందము. స్ప్రూ వ్యాధి వలని రక్తక్షీణతకును అదియే మందయ్యెను. సోదరులను కబళించిన వ్యాధికి పాతికేండ్లు దాటిన పిమ్మట ఆయన సమాధానము చెప్పిరి. వారిని బ్రదికించుకొనలేరు, కాని ఇంకెందరి సోదరులనో బ్రదికించిరి.

రెండవది ఫోలికామ్లమునకు విరోధులగు పదార్థములు. వానిలో అమినాప్టరిన్ అను దానితో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు శిశువుల రక్తపుకాన్సరును కొంతకాలమైనను అణచగలిగినట్లు 1948లో ప్రకటించెను. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. మూడవది 1947లో వచ్చిన హెట్రజాన్. బోదకాలు మన డెల్టా గ్రామములకు తరతరముల శాపము. 2004 నుండి దేశములో సామూహికముగా పంచిన బోదకాలు మాత్ర యిదియే.

బంగారు రంగు బూజు

నాల్గవదానిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. 1928లో ఫ్లెమింగు పెనిసిలిన్‌ను కనుగొనిన పిమ్మట, 1943లో మట్టి జీవినుండి స్ట్రెప్టోమైసిన్ లభించిన పిమ్మట, శాస్త్రజ్ఞుల దృష్టి మట్టిపై బడెను. పిడికెడు మట్టిలో లెక్కకు మిక్కిలి సూక్ష్మజీవులు ఒకదానితో నొకటి తిండికై పోరాడుచుండును. ఆ పోరున కొన్ని జీవులు విషపదార్థములను ఆయుధములుగా విడుచును. పరుల క్రిమిని చంపి మనకు హాని చేయని ఆయుధము దొరికినచో అదియే మందు.

సుబ్బారావుగారు ఈ పనికి బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుని నియోగించిరి. ఆయన విశ్వవిద్యాలయ కొలువునుండి విరమించిన డెబ్బదియేండ్ల వృద్ధుడు. మొక్కల బూజు తెగుళ్లను గూర్చి గ్రంథము వ్రాసినవాడు. వృద్ధుడని సుబ్బారావుగారు సంశయింపలేదు. డగ్గరు తన మిత్రులకెల్ల లేఖలు వ్రాసి మట్టి నమూనాలు తెప్పించెను. మట్టిని నీటిలో కలిపి, పలుచన జేసి, సముద్రపు నాచునుండి తీసిన అగరు జిగురుపై చల్లుదురు. కొలది దినములలో బొట్లు బొట్లుగా జీవులు మొలచును. వ్యాధిక్రిములను దాని ప్రక్క పెంచగా, ఏ బొట్టు చుట్టును క్రిములు చచ్చి ఖాళీ వలయమేర్పడునో ఆ బొట్టును ఏరుదురు. ఇట్లు వేలకొలది పరీక్షలు; ప్రతిదియు నిరాశయే కావచ్చును.

మిస్సోరీ విశ్వవిద్యాలయమువారి సాన్‌బార్న్ పొలమునుండి 1945లో వచ్చిన మట్టిలో ఏ-377 అను గుర్తు గల జీవి దొరికెను. అది బంగారు వన్నె పదార్థమును విడిచెను. అందుచే మందునకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఆరియస్ అనగా బంగారుది. అప్పటివారు ఇట్టి జీవులను బూజు జాతిలో జేర్చిరి. అవి పోగులుగా పెరుగు బాక్టీరియాలని నేటి శాస్త్రము చెప్పుచున్నది. పెనిసిలిన్‌కు లొంగని పలు క్రిములను అది లొంగదీసెను. టైఫసు వంటి జ్వరములకు, కండ్లకు వచ్చు ట్రకోమాకు అది పనిచేసెను. టెట్రాసైక్లిన్ వర్గమునకు అదియే మూలపురుషుడు. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినప్పుడు ప్రజలకు పంచినది టెట్రాసైక్లినే.

1948 జూలైలో న్యూయార్కు శాస్త్రసభలో ఆరియోమైసిన్ లోకమునకు పరిచయమయ్యెను. కొలది వారములు గడచెనో లేదో, ఆగస్టు నెలలో గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1923లో ఇల్లు వెడలినవారు మరల స్వదేశమును జూడలేదు. వారు వెళ్లిన పిమ్మట కలిగిన కుమారుడు పసితనముననే కన్ను మూసెను. శేషగిరిగారి ఎదురుచూపు ఫలింపలేదు. లోకమునకు కలిగిన లాభమును లెక్కించునప్పుడు ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమునుగూడ లెక్కలో వేయుట న్యాయము. చివరివరకు ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

అదే యేడు సముద్రమునుండి వచ్చిన బూజు

ఇక రెండవ కారణము. సుబ్బారావుగారి బృందము భూమిపై మట్టిని గాలించుచున్న 1945లోనే, ఇటలీ దేశపు సార్డీనియా ద్వీపమున కాలియరీ రేవులో జుసెప్పె బ్రోట్జు అను ఆచార్యుడు సముద్రమువైపు చూచుచుండెను. ఊరి మురుగు కాలువ సముద్రమున గలియుచున్నను, అచట స్నానము చేయువారికి సన్నిపాతజ్వరము రాకుండుట ఆయనకు వింతయయ్యెను. మురుగు గలియు చోట ఉప్పునీటిని తెచ్చి పరీక్షింపగా, వ్యాధిక్రిములను చంపు బూజొకటి దొరికెను. దానిపేరు సెఫలోస్పోరియమ్. ఆయనకు లెడర్లీ వంటి ప్రయోగశాల లేదు. తన పరిశోధనను 1948లో ఒక చిన్న పత్రికలో ప్రకటించి, ఆ బూజును ఆక్సుఫర్డునకు పంపెను. అక్కడ అబ్రహాము, న్యూటను అనువారు 1953లో సెఫలోస్పోరిన్–సి అను పదార్థమును వేరుచేసిరి. 1964 నుండి ఆ వర్గపు మందులు వాడుకలోనికి వచ్చెను. నేడు మన ఆసుపత్రులలో వినబడు సెఫలెక్సిన్, సెఫ్ట్రియాక్సోన్ మందులు ఆ కుదురునకు చెందినవే.

ఆ బూజు సముద్రముననే పుట్టినదో, మురుగుతో భూమినుండి కొట్టుకొనివచ్చినదో తేల్చి చెప్పుట కష్టము. కాని సముద్రమునకు తనవైన బూజులు కలవనుట నిజము. 1944లో బార్గూర్ను, లిండరు అను అమెరికను శాస్త్రజ్ఞులు వానిని గూర్చి వివరముగా వ్రాసిరి. నేటికి వేయికి పైగా జాతులు గుర్తింపబడినవి. అవి ఎక్కడనో అగాధమున మాత్రమే ఉండునవి కావు. ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన మ్రాకునందును, చీకిన పడవచెక్కయందును, నాచుపైనను, మడచెట్ల వేళ్లయందును నివసించును. అలల తాకిడికి కొట్టుకొనిపోక కొయ్యను పట్టుకొనుటకై కొన్నిటి బీజములకు జిగురు పోగులుండును. ఉప్పు, ఆటుపోటులు, ఇరుకైన చోట తిండికై పోరు వీనిని నేల బూజులకంటె వేరగు రసాయనములను తయారుచేయునట్లు చేసినవి.

ఈ పోరు ఎంతటిదో తెలుపు నిదర్శనమొకటి 2001లో వెలువడెను. బహామా దీవుల నాచుపై దొరికిన ఒక బూజును ఒంటరిగా పెంచినపుడు అది ఆ పదార్థమును విడువలేదు. ఒక సముద్ర బాక్టీరియాతో కలిపి పెంచినప్పుడే పెస్టలోన్ అను పదార్థమును విడిచెను. మందులకు లొంగని మొండి స్టఫిలోకాకస్ క్రిమిని అది ప్రయోగశాలలో చంపెను. అయినను అది మందుగా బజారునకు రాలేదు. సముద్రపు బూజులలో చాలవరకు గాజుపాత్రలో పెరుగవు. పెరిగినను తెలిసిన పదార్థమునే మరల యిచ్చుట కలదు. క్రొత్తది దొరికినను అది మన దేహకణములకును విషము కావచ్చును. ఇన్ని జల్లెడలు దాటి నిలుచునది బహు స్వల్పము. ఆ స్వల్పమునకై ఓపిక పట్టిన వారే సుబ్బారావుగారును, డగ్గరును.

మన తీరము, మన బాధ్యత

నేడు ఈ వెదకులాట మరల అత్యవసరమైనది. ఆరియోమైసిన్ మొదలగు మందులను అదుపులేక వాడుటచే క్రిములు వానికి అలవాటు పడినవి. 2019వ సంవత్సరములో మందులకు లొంగని క్రిముల మూలముననే లోకమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని అంచనా. వైద్యుడు చెప్పక మాత్ర మ్రింగుట, చెప్పిన దినములు వాడక నడుమ మానుట, రొయ్యల చెరువులలోను, కోళ్లపెంపకమునందును విచక్షణ లేక ఈ మందులు చల్లుట — ఇవన్నియు సుబ్బారావుగారు కూడబెట్టి యిచ్చిన ధనమును మనము దుబారా చేయుటయే.

ఉప్పాడకు దక్షిణమున కోరంగి మడ అడవి కలదు. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. గోదావరి, కృష్ణా డెల్టాల మడచెట్లపై పెరుగు బూజులను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2000వ సంవత్సర ప్రాంతమున ప్రకటించియున్నారు. పేర్లు తెలిసినంత మాత్రమున మందు దొరకదు. వాని గుణములను శోధించు పని మిగిలియున్నది. మడను నరికినచో, మ్రాకుతోబాటు ఆ మ్రాకునందలి జీవియు, ఆ జీవియందలి మందును పోవును. పోయినది ఏదియో కూడ మనకు తెలియదు. ఇట్టి జీవసంపదనుండి వచ్చు లాభములో స్థానికులకు భాగముండవలెనని 2002 నాటి జీవవైవిధ్య చట్టము చెప్పుచున్నది. ఆ సంగతియు మన మత్స్యకార సోదరులు ఎరిగియుండుట మేలు.

మన యూరి సముద్రము యేటేట ఒడ్డును కోసి యిండ్లను తీసికొనిపోవుచున్నది. దానిని మనము చేపలనిచ్చు తల్లిగాను, ఇండ్లు మ్రింగు శత్రువుగాను మాత్రమే ఎరుగుదుము. ఔషధముల కొట్టుగాను చూడదగునని సుబ్బారావుగారి జీవితము మనకు నేర్పుచున్నది. ఎందుకనగా వారి మందులలో గొప్పది లోకులు త్రొక్కి నడచు మట్టినుండి వచ్చినది.

1953లో హెసెల్‌టైన్ అను శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధిచేయు రాళ్లగుట్టల పాకుడునందు దొరికిన ఒక క్రొత్త బూజునకు సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని సుబ్బారావుగారి పేరు పెట్టెను. రెండవ మాటకు ప్రకాశించునది యని యర్థము. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలా బిళ్లను ప్రకటించెను. రెండును గౌరవములే. అయినను మురుగున ప్రకాశించు జీవికి తన పేరుండుటయే వారికి ఎక్కువ ఇష్టమై యుండునేమో.

మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిన పిల్లవాడు మన డెల్టాలో నేడును ఉండవచ్చును. ఆ పిల్లవాడో, పిల్లయో ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి జీవశాస్త్ర గ్రంథమును తెరచి, పిమ్మట ఒడ్డున పడియున్న చీకిన కొయ్యను చేతికెత్తుకొని, దీనియందేమున్నదని అడుగు దినము వచ్చుగాక. అట్టి ప్రశ్నకు తావిచ్చు పుస్తకములను సమకూర్చుట రాబోవు పాతికేండ్లలో మన గ్రంథాలయము చేయవలసిన పనులలో ముఖ్యమైనది.